మౌనానికి మెమో

పెద్దాసుపత్రి,
పాత ఎక్స్‌రే గది

పిన్నీ,

ముందు నోరు తీపి చేసుకుని తర్వాత చదువు. నీ పిచ్చుకకి ఉద్యోగం వచ్చింది! అదీ ప్రభుత్వ ఆసుపత్రిలో, క్లినికల్ సైకాలజిస్టుగా. ఈ పోస్టు కాగితం మీద పుట్టి చాలా ఏళ్ళయిందట. మనిషిని మాత్రం ఇప్పుడే వేశారు. కాంట్రాక్టు ఒక్క ఏడాదికే, ఆ తర్వాత ఉంచుతారో ఊడబీకుతారో తెలియదు. అయినా సరే, ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

చేరిన రోజు నన్నెక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ అర్థం కాలేదు. పెద్ద నర్సుగారు అడిగారు: "మందులు రాస్తావా?" "రాయనండీ." "ఇంజెక్షను వేస్తావా?" "వెయ్యనండీ." "మరేం చేస్తావమ్మా?" "మనుషుల చేత మాట్లాడిస్తానండీ." ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆ పని మా వార్డులో అందరూ చేస్తున్నారు. దానికి విడిగా జీతం ఎవరూ అడగలేదు," అన్నారు.

చివరికి పాత ఎక్స్‌రే గది నా మొహాన కొట్టారు. విరిగిన చక్రాల కుర్చీలన్నీ బయటికి తీయించి, నేలంతా నేనే కడుక్కున్నాను. పిన్నీ, ఆ తలుపు చూడాలి నువ్వు! సీసం రేకు వేసిన మందపాటి తలుపు. వరండాలో అరుపులు లోపలికి రావు, లోపలి ఏడుపు బయటికి పోదు. మా వృత్తిలో వాళ్ళు ఇలాంటి తలుపు కోసం కలలు కంటారు. పైన ఎర్ర దీపం కూడా ఇంకా పనిచేస్తోంది. లోపల ఎవరైనా ఉంటే వేస్తున్నాను.

మొదట వచ్చినాయన కుర్చీలో కూర్చోగానే నాలుక బయటపెట్టాడు. "లోపల పెట్టుకోండి, దానితో మనకి చాలా పనుంది," అన్నాను. ఆయన నవ్వాడు. నా ఉద్యోగం అలా మొదలైంది.

ఈ కబురు ఫోనులోనే చెబుదామనుకున్నాను. ఎన్నిసార్లు చేసినా బాబాయే ఎత్తుతున్నాడు. "మీ పిన్నికి ఈమధ్య ఉత్తరాలే ఇష్టం" అంటున్నాడు. ఎప్పటినుంచి పిన్నీ?

నీ పిచ్చుక

*

ఇంట్లో,
కిటికీ పక్క బల్ల

ఒసే పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి నేను పెట్టిన కేకకి బాబాయి వంటింట్లో గరిటె జారవిడిచాడు. మన వంశంలో వాగి జీతం తెచ్చుకునేది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఇప్పుడు వినడానికి జీతం తీసుకునేదానివి నువ్వు తయారయ్యావు. ఇంకేం కావాలి మనకి!

కానీ నాకొకటి చెప్పు. వచ్చినవాళ్ళు అసలు నోరే విప్పకపోతే ఏం చేస్తావు? మా రేడియో స్టేషన్లో మైకు ముందు రెండు గుటకలు మింగేంతసేపు ఊరుకుంటే చాలు, పైనుంచి మెమో దిగుతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే. పాట రాకపోయినా, కాగితం ఎగిరిపోయినా, మాట ఆగకూడదు.

నా సంగతి అడిగావు కదూ. దివ్యంగా ఉన్నాను. సెలవులో ఉన్నాను. బాబాయికి స్వెట్టరు అల్లుతున్నాను, ఒక చెయ్యి పొడుగొచ్చింది, ఒకటి పొట్టిదయింది. ఆ మహానుభావుడు "ఫరవాలేదు, కాస్త ఒరిగి నడుస్తాలే" అంటున్నాడు. ఆయన వంట నేర్చుకుంటున్నాడు. వంటింట్లోంచి పొగ వచ్చిందంటే భోజనం తయారైనట్టు లెక్క.

ఫోనులో మాట గాల్లో కలిసిపోతుందే, ఉత్తరమైతే దాచుకోవచ్చు. అందుకే. ఊరికే కూపీలు లాగకు.

నీ పిన్ని

*

పెద్దాసుపత్రి,
పాత ఎక్స్‌రే గది (ప్రస్తుతానికి నాదే)

పిన్నీ,

నువ్వడిగిన ప్రశ్నే మా సూపరింటెండెంటు గారూ అడిగారు. కాకపోతే ఆయన మెమో రూపంలో అడిగారు.

మాట రానివాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు. అప్పుడు నేనూ ఊరుకుంటాను. గుచ్చి గుచ్చి అడిగితే పైపైన ఏదో ఒక జవాబు చెప్పి లేచిపోతారు. ఓపిక పట్టి పక్కన కూర్చుంటే, అసలు మాట దానంతటదే బయటికొస్తుంది. అలా కూర్చోవడమే మాకు నేర్పిన పని. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో చిన్నప్పటినుంచీ చూసినదానివి, నీకు వేరే చెప్పాలా?

మొన్న ఒకావిడ వచ్చింది. ఎవరో, ఎందుకో నీకు కూడా చెప్పకూడదు. ఆవిడ నేల చూస్తోంది, నేను ఆవిడతో పాటు కూర్చున్నాను. సూపరింటెండెంటు గారు తనిఖీకొచ్చి, ఎర్ర దీపం వెలుగుతున్నా తలుపు తీశారు. చూశారు, మూశారు. వార్డులన్నీ తిరిగి మళ్ళీ తీశారు. మేమిద్దరం అలాగే ఉన్నాం! ఆయన ఎముకల డాక్టరు పిన్నీ. విరిగింది కంటికి కనపడాలి, అతికింది కూడా కనపడాలి. సాయంత్రానికల్లా మెమో వచ్చింది: "విధి సమయమున రోగితో కలిసి ఊరికే కూర్చున్నందుకు సంజాయిషీ ఇవ్వవలెను."

నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, నిజంగానే సంజాయిషీ రాశాను. తొమ్మిది పేజీలు. మౌనం ఎన్ని రకాలు, ఏ పుస్తకంలో ఎవరేమన్నారు, అన్నీ. ఆయన పిలిపించి, "ఇది సంజాయిషీయా, సిలబస్సా?" అని అడిగారు. తర్వాత మెల్లగానే చెప్పారు. "ఎదురు గదిలో గుండె డాక్టరు గారు పూటకి వంద మందిని చూస్తారు. మీరు రోజంతా కలిపి ఎనిమిది మందిని. బయట వరుస గేటు దాకా ఉందమ్మా, నేనెవరికి సమాధానం చెప్పుకోను? రేపట్నించి ముప్పై మందిని చూడండి. కుదరకపోతే గది మళ్ళీ చక్రాల కుర్చీలకి ఇచ్చేస్తాను, మీ కాంట్రాక్టు పొడిగించమని పైకి రాయను."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ వరుస నేనూ చూస్తున్నాను కదా. అందుకే తిట్టుకోవడానికి కూడా కుదరట్లేదు.

అన్నట్టు, మా క్యాంటీన్లో మీ స్టేషనే పెడతారు. పొద్దున పూట ఎవరో కొత్తమ్మాయి గొంతు వినిపిస్తోంది. సెలవు ఇన్నాళ్ళా? కూపీ లాగడం నా వృత్తి పిన్నీ, నన్నేం చెయ్యమంటావు?

నీ పిచ్చుక

*

ఇంట్లో,
అదే బల్ల

పిచ్చుకా,

నిన్ను నానా మాటలూ తిడుతూ ఒక ఉత్తరం రాసి చించేశాను. ఇది రెండోది.

నాకు మాట రావట్లేదే.

ఇంట్లో వస్తుంది, బజార్లో వస్తుంది, బాబాయిని దులపడానికైతే ధారాళంగా వస్తుంది. మైకు ముందు కూర్చుని, ఇక మాట్లాడమని దీపం వెలిగిందా, గొంతుకి ఎవరో గొళ్ళెం పెట్టినట్టు అయిపోతుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నా అంతే. ఒకరోజు పొద్దున "నమస్కారం" అన్నాను, ఆ తర్వాత ఒక్క ముక్క రాలేదు. వినేవాళ్ళు రేడియో పాడైందనుకుని దాని నెత్తిన మొట్టారట. గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, "చిలకలా ఉందమ్మా మీ గొంతు, మీకేం లేదు" అన్నాడు. ఏం లేకపోతే మరి నా మాటేదయ్యా అని అడిగాను. దానికీ ఏం లేదన్నాడు.

ఇప్పుడు నన్ను పాత టేపుల గదిలో వేశారు. దుమ్ము దులుపుతున్నాను. అవన్నీ నా గొంతులే. అవి గలగలా మాట్లాడుతుంటే నేను గుడ్డ పట్టుకుని నిలబడి వింటున్నాను. ఇక ఇంతేనేమోనని భయంగా ఉందే. బాబాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నువ్వే ఏదో ఒక వైద్యం చెయ్యి. ఉత్తరంలో రాసి పంపించు, భోజనానికి ముందోసారి, తర్వాతోసారి చదువుకుంటాను.

నీ పిన్ని

*

పెద్దాసుపత్రి,
అదే గది

నా పిన్నీ,

నీ ఉత్తరం పట్టుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఇన్నాళ్ళు దాస్తావా? నాకు జలుబు చేస్తే ఫోనులోనే కనిపెట్టే మనిషివి!

నీకు నేను వైద్యం చెయ్యకూడదు పిన్నీ. సొంతవాళ్ళకి చెయ్యకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. నీ ఒళ్ళో పెరిగినదాన్ని. నువ్వు నాకు నొప్పి కలగకుండా చూసి చూసి చెబుతావు, నేను నాకు కావలసిందే వింటాను. మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో నాకు కాలేజీలో సీనియర్ ఒకామె ఉంది. మెడ పొడుగని అందరం "జిరాఫీ" అనేవాళ్ళం. నువ్వు మాత్రం నోరు జారి ఆ పేరు అనేయకు. ఆమె దగ్గరికి వెళ్ళు. వరుస పెద్దదే, ఓపిక పట్టు.

ఇక్కడ ముప్పై మంది యజ్ఞం జరుగుతోంది. నా తల ప్రాణం తోకకొస్తోంది. కూర్చునేలోపే లేవమనాలి. నిన్న మధ్యాహ్నానికి ఎవరు ఎవరో నాకే కలిసిపోయింది. పరీక్షలంటే భయమని వచ్చిన కుర్రాడికి, "భార్య అలిగినప్పుడు వెంటనే వాదనకి దిగకండి" అని హితబోధ చేశాను. పాపం వాడెంత మర్యాదస్థుడో! "నాకింకా పెళ్ళి కాలేదండీ. అయినా గుర్తుపెట్టుకుంటాను," అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. వాడు వెళ్ళాక నాకు నవ్వు ఆగిపోయింది. నవ్వు సంగతి సరే, వాడి భయం వాడితోనే వెళ్ళిపోయింది కదా. ముప్పై మందిని చూస్తున్నాను, ఒక్కళ్ళనీ చూడట్లేదు.

నాకు ఒక కంపెనీ నుంచి కబురొచ్చింది. వాళ్ళ ఉద్యోగుల కోసం సైకాలజిస్టు కావాలట. చల్లటి గది, మెత్తటి సోఫా, రోజుకి ఆరుగురే. నెలాఖరులోగా చెప్పమన్నారు. వెళ్ళిపోదామనే ఉంది పిన్నీ. పని సరిగ్గా చెయ్యనివ్వని చోట ఉండి ఏం లాభం?

నీ పిచ్చుక

*

ఇంట్లో,
వంటింటి గుమ్మం (బాబాయి చూపు నా మీదే ఉంది)

పిచ్చుకా,

వెళ్ళొచ్చానే! చెబితే నవ్వుతావు, నవ్వు.

బెంచీ మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. పక్కనున్నవాళ్ళ కష్టసుఖాలన్నీ తెలుసుకున్నాను, ఇద్దరికి సంబంధాలు కూడా చూసిపెడతానన్నాను. తీరా లోపలికి వెళితే, మీ జిరాఫీకి సగం గదే ఇచ్చారు. మధ్యలో చెక్క అడ్డం. అవతలి సగంలో కళ్ళ పరీక్ష! నేను గుండె చిక్కబట్టుకుని "ఏం చెప్పమంటారమ్మా..." అని మొదలుపెట్టగానే అవతలినుంచి ఒక పెద్దాయన "గ... మ... ఆ తర్వాతది కనపడి చావట్లేదు!" అని అరిచాడు.

ఆమె ఏమీ అనలేదు. ఊరికే కూర్చుంది. ఊరుకుంటే నేనూరుకుంటానా? వాతావరణం చెప్పాను, బజారు ధరలు చెప్పాను, నీ చిన్నప్పటి అల్లరి చెప్పాను. ఆమె తల ఊపుతుందే తప్ప అందుకోదు. మూడోసారి వెళ్ళేసరికి నా దగ్గర సరుకు నిండుకుంది. ఆగిపోయాను. కళ్ళజోడు కుదరక మళ్ళీ వచ్చిన అవతలి పెద్దాయన కూడా అదే సమయానికి ఆగాడు. అప్పుడొచ్చిందే.

మా సౌండు ఇంజనీరు గారు గుర్తున్నారా? అద్దం అవతల కూర్చుని, నేను బాగా చదివితే బొటనవేలు ఎత్తి చూపించేవారు. ఏళ్ళ తరబడి నేను చదివింది ఆ వేలి కోసమే. ఆయన పోయినరోజు నాకు హాస్య కార్యక్రమం డ్యూటీ. నవ్వుతూ చదివి, నవ్వుతూ ముగించి, ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు వార్తలు, ఆ మర్నాడు పాటలు. ఏడవడానికి నాకెవరూ టైము ఇవ్వలేదే, నేనూ అడగలేదు. ఆ చెక్క అడ్డం పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. కళ్ళ పరీక్షకొచ్చిన పెద్దాయన అడ్డం పైనుంచి తన రుమాలు అందించాడు. అక్షరం కనపడలేదు గానీ నా ఏడుపు మాత్రం వినపడింది పాపం.

ఇంకా వెళ్తున్నాను. మైకుకి మళ్ళీ కొంచెం కొంచెంగా దగ్గరవడం నేర్పిస్తోంది. నిన్న టేపుల గదిలో తీగ తగిలించని ఉత్త మైకు పెట్టుకుని ఒక వంటసోడా ప్రకటన చదివాను. చదివేశానే!

నీ కంపెనీ సంగతి. సోఫా మెత్తగా ఉంటుంది, వెళితే తప్పనను. నీ నడుం నీది, నీ బతుకు నీది. కానీ ఆ బెంచీ మీద కూర్చున్నాను కనుక ఒక్క మాట అడుగుతాను. మీలాంటివాళ్ళంతా వెళ్ళిపోతే, నాలాంటి వాగుడుకాయలు ఎవరి ముందు నోరు మూసుకోవాలి?

నీ పిన్ని

*

పెద్దాసుపత్రి,
క్యాంటీను

పిన్నీ,

వంటసోడా ప్రకటన చదివావా! ఈ కబురు ఎవరికైనా చెప్పకపోతే పోతానేమోనని పెద్ద నర్సుగారికి చెప్పాను. ఆవిడకి ఏమీ అర్థం కాకపోయినా నాతో పాటు చప్పట్లు కొట్టారు.

నిన్న ఇక్కడ మీటింగు. నా గది ఉంచాలా, తీసెయ్యాలా అని. నా సంచిలో రాజీనామా కాగితం సిద్ధంగా ఉంది. "ముప్పై మందిని చూడలేను సార్. చూసినట్టు నటించడం ఇక నావల్ల కాదు," అని చెప్పేశాను. అంతలో ఎదురు గది గుండె డాక్టరు గారు లేచారు. ఇన్నాళ్ళలో నా నమస్కారానికి ప్రతి నమస్కారం పెట్టని మనిషి!

"సార్, మా దగ్గరికి గుండె దడ అని వచ్చేవాళ్ళలో చాలామందికి గుండె రాయిలా గట్టిగా ఉంటుంది, ఏ జబ్బూ ఉండదు. పరీక్షలు చేస్తాం, బాగుందంటాం, వారానికల్లా మళ్ళీ వస్తారు. వాళ్ళని ఈ అమ్మాయి గదికి తోలాను. మొదట్లో ఈవిడ నెమ్మదిగా చూసినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. మీరు ముప్పై అన్నాక చూసినవాళ్ళంతా మళ్ళీ నా గుమ్మం ముందే ఉన్నారు. ఈ అమ్మాయి చదివిన చదువేమిటో నాకు తెలీదు, తెలుసుకునే ఓపికా లేదు. ఆవిడ నెమ్మదిగా చూస్తున్నన్నాళ్ళూ నేను మధ్యాహ్నం అన్నం వేడిగా తిన్నాను. నా అన్నం నాకిప్పించండి!"

మీటింగంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు, నిజంగానే ఆకలి మీదున్నారు. సూపరింటెండెంటు గారు గడ్డం గోక్కుని, "సరే, పది మంది. గది ఉండనివ్వండి. కాంట్రాక్టుకి రాసే ముందు నేనింకోసారి వచ్చి చూస్తాను. ఊరికే కూర్చోవడం పని ఎలా అవుతుందో నాకింకా ఎక్కలేదమ్మా," అన్నారు.

రాజీనామా సంచిలోనే ఉంది. నెలాఖరు వచ్చేసింది, కంపెనీకి సోమవారం చెప్పాలి. ఇక్కడ ఏడాది తర్వాత ఉంటానో లేదో ఇప్పటికీ తెలియదు. ఏమీ తేల్చుకోలేకుండా ఉన్నాను.

నీ పిచ్చుక

*

స్టేషన్లో,
స్టూడియో పక్క గది

పిచ్చుకా,

స్టూడియోలోంచి బయటికొచ్చీ రాగానే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో. ఇవాళ పొద్దున మైకు ముందు కూర్చున్నాను! అద్దం అవతల కొత్తమ్మాయి, చూస్తే నిన్న మొన్న పాలు మానినట్టుంది. దీపం వెలిగింది. "నమస్కారం" అన్నాను. గొంతు పట్టేసింది. పారిపోలేదు. జిరాఫీ చెప్పినట్టు కాళ్ళు నేలకి ఆనించి, గాలి వదిలి, ఆగాను. తర్వాత నా నోటివెంట ఏమొచ్చిందో తెలుసా? "మా పాత ఇంజనీరు గారు గుర్తొచ్చారండీ, అందుకే ఆగాను. ఇక వార్తలు." చదివేశాను, చివరి వాక్యం దాకా!

బాబాయి ఇంట్లో రేడియో పట్టుకుని కూర్చుని పాలు పొంగబెట్టేశాడట. నా కోసం నువ్వేమీ తేల్చుకోకు. నీ పని నీకు తృప్తిగా ఉందా లేదా, అది చూసుకో. ఏది చేసినా నువ్వు నా పిచ్చుకవే.

నీ పిన్ని

తా.క. ఈ ఉత్తరం నీకు చేరేలోపే, ఇవాళ సాయంత్రం నీకు ఫోను చేస్తాను. నేనే చేస్తాను!

*

పెద్దాసుపత్రి,
పాత ఎక్స్‌రే గది

పిన్నీ,

నిన్న ఫోనులో నీ గొంతు వినగానే ఏడుస్తూ పెట్టేశాను, ఏమీ చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

సోమవారం పొద్దున నా గదిలో ఒకాయన ఉన్నాడు. మాట లేకుండా కూర్చుని ఉన్నాం. బయట జరిగింది నాకేమీ తెలియదు, తర్వాత అటెండరు చెప్పాడు. సూపరింటెండెంటు గారు చెప్పినట్టే వచ్చారట. వచ్చీ రాగానే తలుపు మీద చెయ్యి వేశారట. బెంచీ మీద మొదట కూర్చున్నావిడ గబుక్కున లేచి, ఆయనెవరో తెలియక, ఆయన చెయ్యి పట్టుకుని లాగిందట.

"ఆగండి బాబూ, తలుపు తియ్యకండి. లోపల మాట్లాడుకోవట్లేదు, మంచి పనిలో ఉన్నారు."

"మాట్లాడుకోకపోతే పనేమిటమ్మా?" అన్నారట ఆయన.

"మీరు ఇంకా లోపలికి వెళ్ళలేదు కదా, మీకు తెలీదులెండి. నాకూ మొదటిసారి తెలీలేదు. కూర్చోండి, మీ వంతు వస్తుంది," అని జరిగి చోటిచ్చిందట. వెనకాల వరుసంతా "ష్" అన్నారట. ఆయన కూర్చున్నారు పిన్నీ! నేను తలుపు తీసేసరికి మా ఆసుపత్రి పెద్ద, వరుసలో రెండో మనిషిగా, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "నా వంతు ఇంకా రాలేదట," అన్నారు. మధ్యాహ్నానికి కాంట్రాక్టు పొడిగించమని రాసిన కాగితం పంపించారు. కింద తన చేత్తో "ఇంకొక సైకాలజిస్టు కూడా అవసరం" అని చేర్చారు. పైవాళ్ళు ఇస్తారో ఇవ్వరో చూడాలి.

నేను రాజీనామా చింపేశాను. కాగితం రాకముందే చింపేశాను, ఆ బెంచీ సంగతి విన్న నిమిషంలోనే. అరుపులతో చెవులు చిల్లులు పడే ఆ వరండాలో, లోపల ఎవరో ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారని అంతమంది నోళ్ళు మూసుకున్నారు. నాకింతకంటే ఏం కావాలి పిన్నీ? సంతోషంతో నా గుండె ఎంత కొట్టుకుందంటే, ఎదురు గదికి వెళ్ళాలేమో అనుకున్నాను.

సాయంత్రం కంపెనీవాళ్ళకి ఫోను చేసి రావట్లేదని చెప్పాను. ఎందుకని అడిగారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. లైను కట్టయిందనుకుని వాళ్ళే పెట్టేశారు.

నీ పిచ్చుక